ఔదుల్ఫ్ గడ్డానికి మొదటి కత్తి

మా లోయలో మగవాళ్ళు పొద్దున్నే లేచి గడ్డం దువ్వుకుంటారు. దీన్ని అలవాటు అని తీసిపారేస్తే చరిత్రకు అన్యాయం చేసినట్టే. రాజులు వచ్చారు, పోయారు. మా తాతలు మంచుకొండలు దాటి ఈ ద్రాక్షతోటల దేశంలోకి దిగారు. రోమనుల పట్టణాలు మా చేతికి చిక్కాయి, వాటిలో కొన్ని మా చేతిలోనే తగలబడ్డాయి. ఇంత జరిగినా ఒక్క పొద్దున కూడా దువ్వెన ఆగలేదు. ఒక కోట ముట్టడిలో గోడ మీంచి మరిగిన నూనె పోస్తుంటే, మావాళ్ళు వంతుల ప్రకారం వెనక్కి వచ్చి, దువ్వుకుని, మళ్ళీ నూనె కిందికి వెళ్ళారని పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఎంతమంది తిరిగివచ్చారో మాత్రం చెప్పరు.

ఇదంతా మా పేరు చేసిన పని. మా జాతి పేరు లాంగోబర్దులు. లాంగ్ అంటే పొడుగు, బర్ద్ అంటే గడ్డం. విశేషణం ముందు, విశేష్యం వెనక, చాలా మర్యాదగల సమాసం. చిక్కల్లా ఏమిటంటే ఇందులో పొడుగూ మనిషి కాదు, గడ్డమూ మనిషి కాదు. పొడుగైన గడ్డం ఎవరికి కలదో వారు అని విగ్రహవాక్యం చెప్పుకుంటే తప్ప మేము కంటికి కనబడం. వ్యాకరణం తెలిసినవారు దీన్ని బహువ్రీహి అంటారు. పట్టణంలోని లాటిన్ గురువులు దానికి తమ బహువచనపు తోక ఒకటి తగిలించారు. మావాళ్ళు అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే ఆ పేరును మేమెప్పుడూ బహువచనంలోనే వాడతాం. ఏకవచనం ఉంది గానీ వాడినవాడు లేడు. ఒంటరిగా దొరికిన మావాణ్ణి ఎవరివయ్యా అని అడిగితే తండ్రి పేరు చెబుతాడు. పదిమంది ఆయుధాలతో కూడినప్పుడే లాంగోబర్దులం అంటారు. మా భాషలో బహువచనానికి ప్రత్యయం ఈటె.

వేరే వాదాలూ ఉన్నాయి. ఉత్తరాన ఒక పెద్ద నది పొడుగాటి ఒడ్డున కాపురముండేవాళ్ళం కనుక ఆ పేరు వచ్చిందని ఒక గురువు అన్నాడు. ఒడ్డు కోసం ఎవరూ ఎవరినీ పొడవరు కాబట్టి ఆ వాదం నిలవలేదు. బర్ద్ అంటే గడ్డం కాదు, గొడ్డలి, మనం పొడుగు గొడ్డళ్ళ వాళ్ళం అని ఇంకొందరు అన్నారు. ఇది నిలిచింది. గొడ్డలితో చెప్పిన వాదం సాధారణంగా నిలుస్తుంది.

ఈ పేరు మోసినవాళ్ళలో ఔదుల్ఫ్ ఒకడు. మదమెక్కిన గుర్రాలకు కళ్ళెం అలవాటు చేయడం అతని పని. కరిచినవీ, తన్నినవీ అతని ఒంటి మీద తలా ఒక గుర్తు పెట్టాయి. మనిషి సన్నం. మాట తక్కువ. గడ్డం మాత్రం బొడ్డు దాటి, నడుంపట్టీలో దోపుకోవలసినంత. లోయ మొత్తం మీద అంతటి గడ్డం లేదు. కొత్తవాళ్ళు ఎవరో మహావీరుడనుకుని దారి ఇచ్చేవాళ్ళు. నిజానికి అది ఔదుల్ఫ్ ధైర్యం వల్ల పెరిగింది కాదు, ఊరివాళ్ళ జాగ్రత్త వల్ల పెరిగింది.

మాలో ఒక ఆచారం ఉంది. కుర్రవాడికి గడ్డం నిండుగా వచ్చాక, వేరే ఇంటి పెద్దమనిషి ఒకడు ఆయుధాల సభ ఎదుట దాని కొసను కత్తితో కోస్తాడు. కోసినవాడు ఆ క్షణం నుంచి అతనికి తండ్రి. కన్నతండ్రి బతికున్నా సరే, ఇతనూ తండ్రే. కొడుకు శత్రువులు ఇతనికి శత్రువులు, ఇతని పొలంలో కొడుక్కి వాటా. ఆ మొదటి కోత జరగనివాడు యుద్ధానికి పోవచ్చు, వేటకు పోవచ్చు, హాయిగా చావవచ్చు. తన ఇంటి పగను మాత్రం తన పేరున తీర్చుకోకూడదు. తీర్చుకుంటే అది పగ కాదు, హత్య. ఈ రెంటికీ తేడా చచ్చినవాడికి తెలియదు గానీ ఊరికి బాగా తెలుసు. పగ తీర్చుకున్నవాణ్ణి విందుకు పిలుస్తారు, హంతకుణ్ణి అడవిలోకి తరిమి తోడేలును చంపినట్టు చంపుతారు.

ఔదుల్ఫ్‌కు తీర్చుకోవలసిన పగ ఉంది. అతని తండ్రి ఇల్డో, పొరుగు కమతం గుందో కలిసి ఒకసారి అడవిపంది వేటకు వెళ్ళారు. పందికి ముందు ఎవరి ఈటె తగిలిందనే దాని మీద మాట వచ్చింది. ఇల్డో పంది దగ్గరికి వంగి గాయం చూపిస్తున్నాడు. గుందో వెనకనుంచి రెండో ఈటె విసిరాడు. అది వీపులో దిగి రొమ్ములోంచి ఇవతలికి వచ్చింది. పంది లేచి పారిపోయింది. ఔదుల్ఫ్‌కు అప్పటికి మీసం కూడా లేదు.

గడ్డం వచ్చిన నాటి నుంచి అతను ఇల్లిల్లూ తిరిగాడు. కోసేవాడు కావాలి. కోస్తే తాను నిండు మగవాడవుతాడు, అయితే గుందోను చంపొచ్చు. లోయకు ఈ లెక్క అతనికంటే ముందే తెలుసు. ఆ గడ్డం కోసినవాడికి కొడుకుతోపాటు గుందో కూడా వస్తాడు. గుందో మామూలు మనిషి కాదు. ఎద్దు మెడ. సంతలో ఒకణ్ణి బండి చక్రానికేసి కొట్టి వెన్ను విరిచాడు, ఆ తరువాత చక్రం పాడయిందని వాడి ఇంటివాళ్ళతోనే పోట్లాడాడు.

"నీ గడ్డం మీద నాకేం కోపం లేదు నాయనా," అన్నాడు పిండిమర నడిపే పెద్దాయన. "దాని వెనకాల గుందో ఉన్నాడు. అదీ చిక్కు."

"చెయ్యి వణుకుతోందయ్యా," అన్నాడు ఇంకో ఆసామి. "ఎక్కడ మెడ కోసేస్తానో అని భయం." ఆ పొద్దునే ఆయన ఒక్క దెబ్బతో ఎద్దు తల నరకడం ఔదుల్ఫ్ చూసి వచ్చాడు.

ఇంటికొస్తే తల్లి గైలా కొర్రల అంబలి గిన్నె ముందుకు తోసేది. "ఏమన్నారు?"

"చెయ్యి వణుకుతోందంట."

"ఈ లోయలో మగాళ్ళు లేరురా. గడ్డాలు నడుస్తున్నాయి, అంతే. తిను. మీ నాన్న పైనించి చూస్తన్నాడు, నమిలి తిను."

దారిలో గుందో ఎదురైతే ఇంకో రకం పలకరింపు. "ఏరా మేకా, మేత దొరికిందా?" అతని కొడుకు రోదో పక్కనుండి మేక అరిచినట్టు అరిచేవాడు. అతనికి ఆ విద్య బాగా వచ్చు.

ఆ ఏడు వసంతంలో నతీసోనె నది ఒడ్డున, పచ్చికలో, ఆయుధాల సభ కూడింది. ఈటెలు నేలలో గుచ్చి వలయంగా కూర్చున్నారు. పంది కాలుతోంది, సారా పారుతోంది. మా చట్టాలన్నీ నోటనే ఉంచుకున్న హెర్మెల్ తాత లేచి, ఏటా చెప్పినట్టే మా పేరు పుట్టుక మొదలుపెట్టాడు. ఉత్తరపు ద్వీపం, ఆకలి, ప్రయాణం, పొడుగు గడ్డాలు.

"తాతా, ఇంక ఆపవయ్యా," అన్నాడు గుందో. మూతి నిండా పంది కొవ్వు. "గడ్డం కాదు మొర్రో అంటే వినవు. బర్ద్ అంటే గొడ్డలి. గడ్డమైతే మేకక్కూడా ఉంటది. అదిగో, కూచుంది చూడు."

సభ నవ్వింది. ఔదుల్ఫ్ లేచాడు. అతను సభలో మాట్లాడటం అదే మొదటిసారి.

"గొడ్డలోడు ఎదురుగా వచ్చి నరుకుతాడు గుందో. వెనకనించి ఈటె ఇసిరేటోడు గొడ్డలి ఏం చేసుకుంటాడు? కట్టెలు కొట్టుకుంటాడా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. శబ్దశాస్త్ర చర్చ ఇక్కడితో ముగిసి, గుందో కూర్చున్న బల్ల గాల్లోకి లేచింది. అది ఔదుల్ఫ్ భుజానికి తగిలి విరిగింది. ఔదుల్ఫ్ సారా కూజా తీసుకుని గుందో ముఖాన పగలగొట్టాడు. ముక్కు ఒక పక్కకు ఒరిగింది, రక్తం గడ్డంలోకి కారింది. ఇద్దరూ నిప్పుల పక్కన పడి దొర్లారు. ఔదుల్ఫ్ అందిన చెవిని పళ్ళతో పట్టుకుని, గుర్రం పీకినట్టు తల ఇటూ అటూ ఊపి, సగం చెవి ఉమ్మేశాడు. గుందో ఎద్దులా రంకె పెట్టాడు. అతని మనుషులు నలుగురు వచ్చి ఔదుల్ఫ్‌ను వెల్లకిలా పడేసి కాళ్ళూ చేతులూ తొక్కి పట్టారు. రోదో అతని కుడిచేతి వేళ్ళ మీద మడమ పెట్టి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఎముకలు ఎండుపుల్లల్లా చిటచిటలాడాయి.

గుందో పంది కోస్తున్న కత్తి తీశాడు. ఔదుల్ఫ్ రొమ్ము మీద మోకాలు మోపి, గడ్డం మొత్తం పిడికిట్లో చుట్టి కోయడం మొదలుపెట్టాడు. కత్తి మొద్దుబారి ఉంది, కొవ్వు అంటుకుని ఉంది. కోయలేదు, రంపం లాగినట్టు లాగాడు. వెంట్రుకలతోపాటు చుబుకం మీది తోలు కూడా ఊడి వచ్చింది. ఔదుల్ఫ్ అరవలేదు. అరుద్దామన్నా నోటి నిండా రక్తం.

గుందో లేచి, ఆ గడ్డాన్ని పైకెత్తి సభకు చూపించాడు. "ఇదిగోండయ్యా మన జాతి పేరు! ఎవరికన్నా కావాల్నా?" అని నిప్పుల్లో పడేశాడు. చెడ్డ వాసన వచ్చింది.

హెర్మెల్ తాత ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన కథ మధ్యలో ఆగిపోయింది, అది ఆయనకు నచ్చలేదు.

"గుందో," అన్నాడు. "ఆ గడ్డానికి ఇంతకు ముందు కత్తి తగిలిందా?"

"ఎవడు తాకుతాడు తాతా? నన్ను కాదని ఎవడికుంది దమ్ము?"

"అయితే నీదే మొదటి కత్తి."

"నాదే!" గుందో రొమ్ము చరుచుకున్నాడు.

"సభ చూసిందా?"

ఈటె కర్రలు డాళ్ళ మీద మోగాయి. చూసింది.

"మంచిది," అన్నాడు హెర్మెల్. "అయితే నీ కొడుకుని లేపి కూచోబెట్టు. కింద పడున్నాడు పాపం."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. గుందో నోరు తెరుచుకుని అలాగే ఉన్నాడు. ముక్కు రక్తం అందులోకి పోతోంది.

"నేను... వాణ్ణి అవమానం చేద్దామని కోశాను తాతా."

"చట్టం ఎందుకు కోశావని అడగదు నాయనా. ఎవరు కోశారు, ఎవరు చూశారు, అంతే."

ఈలోగా ఔదుల్ఫ్ లేచాడు. చుబుకం ఉన్న చోట ఎర్రటి ముద్ద ఉంది. ఎడమచేత్తో ఎవరిదో గొడ్డలి పెరికి గుందో మీదికి నడిచాడు. ఎవరూ అడ్డు వెళ్ళలేదు. హెర్మెల్ మాత్రం అన్నాడు:

"ఔదుల్ఫ్, ఇప్పుడు నువ్వు నిండు మగాడివి. నీ ఇంటి పగ నీ పేరున తీర్చుకోవచ్చు. ఎవరి మీదైనా ఎత్తు గొడ్డలి. ఆయన మీద తప్ప. తండ్రిని చంపినోడికి లోయలో నిప్పు లేదు, నీళ్ళు లేవు."

ఔదుల్ఫ్ ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. ఆ మాటతోపాటే వచ్చిన రెండో మాట కూడా విన్నాడు. గొడ్డలి గాల్లో ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి దాన్ని కాలుతున్న పంది మీదికి దించాడు. పంది రెండుగా విడిపోయింది.

అభ్యంతరం రోదో నుంచి వచ్చింది. అతనికి పొలంలో సగం పోతోంది. "గొర్రె బొచ్చు కోసినోడు గొర్రెకి నాన్నయిపోతాడా? ఇది కోత కాదు, ఉన్ని తియ్యటం."

"గొర్రె ఆయుధాల సభలో కూచోదు," అన్నాడు హెర్మెల్.

"అయితే పోరాడి తేల్చుకుంటా. ఇది కోత కాదంటాను. కోతే అంటే ఆ మేకని వచ్చి చెప్పమను."

సభకు ఇది నచ్చింది. చట్టం తెగనప్పుడు ఇద్దరిని గులకరాళ్ళ మీద నిలబెట్టడం మాకు ఇష్టమైన పద్ధతి.

ఇంట్లో గైలా కొడుకు చుబుకానికి పంది కొవ్వూ బూడిదా కలిపి మెత్తింది.

"నేను పోనమ్మా," అన్నాడు ఔదుల్ఫ్, నోరు తెరవకుండా. "గెలిస్తే వాడికి కొడుకుని. దానికంటే ఓడటమే నయం."

"ఓడితే ఏమవుతావురా? గడ్డమూ లేదు, కోతా లేదు, తలా లేదు. ముందు మగాడివి కా. ఎవడి కొడుకువో తరవాత చూద్దాం. నేనేమన్నా వాణ్ణి పెళ్ళాడాలా ఏంది?"

పోరు రోజున నది గట్టున ఇద్దరి బట్టలూ విప్పి వెతికారు. మంత్రాల వేర్లు దాచుకుంటారని మాకు అనుమానం. రోదో దగ్గర ఒక వేరు దొరికింది. అది దగ్గుకని చెప్పాడు. ఔదుల్ఫ్ కుడిచెయ్యి గొడ్డలి పట్టే స్థితిలో లేదు. విరిగిన వేళ్ళను గైలా గొడ్డలి పిడి చుట్టూ ముడిచి, తోలు పట్టీతో బిగించి కట్టింది. ముడి పళ్ళతో లాగింది. ఔదుల్ఫ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంక జారదు," అంది. "చచ్చినా జారదు. పో."

రోదో కుర్రవాడు, కండగలవాడు. మొదటి దెబ్బకే ఔదుల్ఫ్ డాలు అంచు ఎగిరిపోయింది. రెండోది తొడలో దిగింది. గులకరాళ్ళు ఎర్రబడ్డాయి. రోదో ఉత్సాహంగా ఒకసారి మేక అరుపు అరిచాడు, జనంలో కొందరు నవ్వారు. ఔదుల్ఫ్ వెనక్కి, వెనక్కి, నీళ్ళ దాకా నడిచాడు. అతని చూపు రోదో గొడ్డలి మీద లేదు, భుజం మీద ఉంది. తన్నబోయే గుర్రాన్ని కాళ్ళు చూసి కనిపెట్టలేం, భుజం చూసి కనిపెట్టాలి. ఆ భుజం కదిలింది. ఔదుల్ఫ్ పక్కకు ఒరిగాడు. రోదో దెబ్బ నీళ్ళను కొట్టింది. ఔదుల్ఫ్ గొడ్డలి మోకాలి వెనక దిగి నరాలు తెంపింది. రోదో కూలబడ్డాడు. డాలు ఎత్తబోయాడు, సగం ఎత్తాడు. తరువాతి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య పడి రొమ్ము దాకా దిగింది. గొడ్డలి ఎముకల్లో ఇరుక్కుంది, చేతికి కట్టి ఉన్నందున వదిలేసే వీలూ లేదు. ఔదుల్ఫ్ శవం మీద కాలు పెట్టి, తన చెయ్యిని తానే పీక్కోవలసి వచ్చింది.

గుందో పెట్టిన కేకకు గట్టున ఉన్న గుర్రాలు తెంచుకున్నాయి. అతను ఉరికాడు. ఎనిమిది మంది పట్టుకుంటే గానీ ఆగలేదు.

"గుందో," అన్నాడు హెర్మెల్ మెల్లగా. "తీర్పు వచ్చింది. నీకు ఇప్పుడు మిగిలింది ఒక్క కొడుకే. వాణ్ణి కూడా పోగొట్టుకోకు."

గైలా ముందుకొచ్చి హెర్మెల్‌ను అడిగింది. "మామా, నా మొగుడికి బదులు వాడి కొడుకు పోయాడు. సరిపోయిందా?"

"లేదమ్మా. ఇది తీర్పు. పగ కాదు. నీ పగ ఎక్కడిదక్కడే ఉంది."

"ఏం చట్టమయ్యా మీది," అని గైలా నేల మీద ఉమ్మి వెళ్ళిపోయింది.

చట్టం ప్రకారం కొడుకు పండగ రోజుల్లో తండ్రి పొయ్యి దగ్గర తినాలి, కట్టెలు కొట్టివ్వాలి, నలుగురిలో నాన్నా అని పిలవాలి. గుందోకు భార్య ఎప్పుడో పోయింది. ఆ పెద్ద ఇంట్లో, రోదో కూర్చునే పీట మీద ఔదుల్ఫ్ కూర్చునేవాడు. ఇద్దరి మధ్య ఒక గిన్నె. ఇద్దరి పక్కనా గొడ్డళ్ళు.

"తిను," అనేవాడు గుందో.

"ముందు నువ్వు తిను నాన్నా."

గుందో ఒక ముద్ద మింగి నోరు తెరిచి చూపించేవాడు. అప్పుడు ఔదుల్ఫ్ తినేవాడు.

"ఉప్పు సరిపోయిందా?"

"ఉప్పు సరిపోయింది. విషమే తక్కువైంది."

"తెప్పిస్తాలే, వచ్చే పండక్కి."

ఈ సంభాషణ ఒక పండగకూ ఇంకో పండగకూ పెద్దగా మారలేదు. లోయలో చాలా ఇళ్ళలో తండ్రీకొడుకులు అంతకంటే తక్కువే మాట్లాడుకుంటారని గుర్తుంచుకోవాలి.

కోతల కాలంలో అవారులు అనే దోపిడీ రౌతులు వచ్చారు. తూర్పు కనుమలోంచి, పొట్టి గుర్రాల మీద, పొగ వెంటబెట్టుకుని వచ్చారు. రేవు దగ్గర మావాళ్ళు ఆపారు. అది యుద్ధమని పాటల్లో అంటారు. దగ్గరగా చూస్తే బురదలో మనుషులు ఒకరినొకరు పట్టుకుని ముంచడం. పిండిమర నడిపే పెద్దాయన కంట్లో బాణం దిగింది, ఆయన దాన్ని కనుగుడ్డుతో సహా లాగేసి, రెండడుగులు వేసి పడిపోయాడు. ఔదుల్ఫ్ ఒక గుర్రం ముందుకాళ్ళు నరికి, కిందపడ్డ రౌతు ముఖాన్ని గొడ్డలి వెనకవైపుతో అది ముఖమని తెలియకుండా చేశాడు. పేగులు నీళ్ళలో తాళ్ళలా తేలాయి.

గుందో గుర్రానికి ఈటె తగిలి, అది అతని కాలి మీదనే పడింది. గొడ్డలి చేతికందని దూరాన ఉంది. ఒక అవారు గుర్రం దిగి, నింపాదిగా, వంకర కత్తి దూసి అతని వైపు నడిచాడు. ఔదుల్ఫ్ పక్కనే ఉన్నాడు. అతను ఏమీ చేయనక్కర్లేదు. ఊపిరి పీల్చుకున్నంతసేపు ఊరికే నిలబడితే చాలు. గుందో కూడా ఆ సంగతి గ్రహించాడు. మెడ చాపి, ఔదుల్ఫ్ వైపు చూశాడు.

ఔదుల్ఫ్ గొడ్డలి అవారు నడుంలో దిగింది. మనిషి మడతపడ్డాడు. ఔదుల్ఫ్ ఇంకోసారి కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, అవసరమైన దానికంటే చాలా ఎక్కువసార్లు.

"వాడు నావాడురా!" అని అరిచాడు ఆ శవం మీద. "నీకెవడిచ్చాడు వాణ్ణి?"

గుర్రాన్ని పక్కకు దొర్లించి గుందోను లాగాడు. గుందో మోకాలు విరిగింది. ఔదుల్ఫ్ చొక్కా పట్టుకుని అడిగాడు.

"ఎందుకురా?"

"వాడు నిన్ను చంపితే కొడుకుని నేనేగా? నీకోసం పగ పట్టాలి. అవారుల దేశం దాకా పోవాలి. నాకెందుకా పీడ?"

గుందో ముందు మూలిగాడు. తరువాత ఆ బురదలో, విరిగిన కాలితో, నవ్వడం మొదలుపెట్టాడు. ఔదుల్ఫ్ నవ్వలేదు గానీ అతని మీది బురద తుడిచాడు. బహుశా గాయం ఎక్కడో చూడటానికి.

చలికాలం మొదట్లో గుందో హెర్మెల్‌ను పిలిపించాడు. ఔదుల్ఫ్ కట్టెలు కొడుతున్నవాడు లోపలికి వచ్చాడు.

"తాతా, కట్టినదాన్ని విప్పే దారి లేదా?"

"ఒకటుంది," అన్నాడు హెర్మెల్. "తండ్రి ఆయుధాల సభలో కొడుకు చేతికి ఈటె ఇచ్చి, నీ దారి నీదిరా అని నోటితో చెప్పాలి. అక్కడితో తెగిపోతుంది. నాకు తెలిసి ఎవరూ అడగలేదు."

గుందో ఔదుల్ఫ్ వైపు తిరిగాడు. "వసంతం సభలో వదిలేస్తాను నిన్ను. వదిలేశాక అక్కడే, ఆ రాళ్ళ మీదే. నువ్వు మీ నాన్న కోసం. నేను నా కొడుకు కోసం. సరేనా?"

"కాలు?"

"అప్పటికి అతుక్కుంటది. నీ వేళ్ళు?"

ఔదుల్ఫ్ కుడిచెయ్యి ముడిచి తెరిచి చూపించాడు. రెండు వేళ్ళు వంగవు. "చాలు," అన్నాడు. "సరే నాన్నా." చట్టం కోసమో ఎగతాళికో కాకుండా ఆ పిలుపు నోట రావడం అదే మొదలని ఇద్దరికీ ఒకేసారి తట్టి, ఇద్దరూ వేరే వైపు చూశారు.

ఆ చలికాలం లోయలో మరో మాట లేదు. చరిత్రలో ఎన్నడూ జరగనిది జరగబోతోందని హెర్మెల్ ప్రకటించాడు. విడుదల మాటలకు పాత వాక్యం లేదు కనుక, క్రియ ఏ కాలంలో ఉండాలో, కొడుకును ఏ విభక్తిలో పెట్టాలో ఆలోచిస్తూ ఆయన మంచులో తిరిగి జ్వరం తెచ్చుకున్నాడు. గైలా ఇల్డో చొక్కా తీసి, ఈటె చేసిన రెండు చిల్లులూ కుట్టింది. ఆ చొక్కా కొడుకు తొడుక్కోవాలి. పట్టణం నుంచి ఒక మతగురువు కూడా వస్తానని కబురు పెట్టాడు. పోరాటాలను ఖండించడానికి, దగ్గర చోటు ఉంచమన్నాడు.

ఇక ఆ ఇద్దరూ గుందో పెరట్లో కలిసి సాధన చేశారు. దీనికి కారణం ఉంది. లోయలో వీరికి సాటివచ్చే జోడీ వేరే లేదు.

"ఎడం భుజం కిందికి వదిలేస్తన్నావ్," అనేవాడు గుందో కుంటుతూ. "చస్తావురా అట్టయితే."

"చస్తే నీకేగా మంచిది."

"ఊరందరూ చూస్తారురా. సులువుగా గెలిస్తే నా పరువేం కావాలి? ఎత్తు, డాలు ఎత్తు. ఇంకా పైకి. ఆఁ, అదీ."

ఔదుల్ఫ్ కూడా తన గుట్టు చెప్పాడు, గొడ్డలిని చూడొద్దు, భుజం చూడమని. గుందో కళ్ళు చికిలించి చూశాడు. రోదో ఎలా పోయాడో ఇప్పుడు అర్థమైందన్నాడు. ఆ రోజు ఇంక సాధన జరగలేదు. మరునాడు మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి ఇద్దరూ గట్టిగా కొట్టుకున్నారు, రక్తం వచ్చేదాకా.

మంచు కరిగింది. పచ్చిక మీద బల్లలు వేశారు, సారా పీపాలు దించారు. కొండల అవతలి లోయల నుంచి కూడా జనం బయలుదేరారు. హెర్మెల్ తాతకు వాక్యం కుదిరింది. గుందో కర్ర లేకుండా నడుస్తున్నాడు. గైలా చొక్కాను ఎండలో ఆరేసింది.

సభకు కొద్ది రోజుల ముందు గుందో విరేచనాలు పట్టుకుని పడకలో చనిపోయాడు. గొయ్యి ఔదుల్ఫ్ తవ్వాడు.